జోకర్‌ని ఇక ఏడిపించకండి

నెలకి ఒక్కసారైనా ఆ డాక్టర్ జోకు నా ఫోన్లోకి వచ్చి పడుతుంది. మీకూ వచ్చే ఉంటుంది. ఒకాయన డాక్టర్ దగ్గరికెళ్ళి మనసు బాలేదు, దేనిమీదా ఆసక్తి లేదు అంటాడు. ఊళ్ళోకి గొప్ప క్లౌన్ వచ్చాడు, వెళ్ళి చూడండి, మందులక్కర్లేదు అంటాడు డాక్టరు. ఆ క్లౌన్ని నేనేనండీ అంటాడు వచ్చినాయన. వెనక వయొలిన్, రంగు కారిపోయిన మొహం ఒకటి నలుపు తెలుపుల్లో, కింద విరిగిన గుండె బొమ్మ. పంపేవాళ్ళు ఎవరో కాదు, కథలూ కవిత్వమూ బాగా చదివినవాళ్ళే. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఈ జోకులో క్లౌన్ ఏం చేస్తాడో ఎక్కడా ఉండదు, గమనించారా? గొప్పవాడు అని మాత్రం ఉంటుంది. బంతులు ఎగరేస్తాడా, తీగ మీద నడుస్తాడా, పడిపోయి లేస్తాడా, జనం ఎక్కడ నవ్వుతారు, ఎందుకక్కడే నవ్వుతారు, ఇవేవీ చెప్పేవాడికి అక్కర్లేదు. ఆయన ఏడిస్తే చాలు. సాహిత్యం సర్కస్ జోకర్‌తో దాదాపు రెండొందల ఏళ్ళుగా చేస్తున్నది ఇదే. అతని పనిని బయట వదిలేసి కన్నీళ్ళు మాత్రం మూటగట్టుకుని పోతుంది. దీన్ని మనం లోతు అంటున్నాం. బద్ధకం అంటాను నేను.

ఆ జోకు వయసు చాలా పెద్దది. పాతకాలంలో చెప్పినప్పుడు ఆ క్లౌన్ పేరు గ్రిమాల్డీ. 1980లలో వచ్చిన 'వాచ్‌మెన్' కామిక్ పుణ్యమా అని ఇప్పుడు పాల్యాచీ అయ్యాడు. పాల్యాచీ సంగతి ఎలా ఉన్నా, జోసెఫ్ గ్రిమాల్డీ నిజంగా బతికిన మనిషి. 1778లో లండన్లో పుట్టాడు, పసితనంలోనే స్టేజీ ఎక్కించారు, ఇంగ్లీషు పాంటోమైమ్‌లో క్లౌన్ అనే పాత్రకి ఈవేళ మనం గుర్తుపట్టే రూపం ఇచ్చింది ఆయనే. దూకి, దొర్లి, పడి, మళ్ళీ పడి, నలభై అయిదేళ్ళు వచ్చేసరికి కీళ్ళన్నీ పాడై ఆట మానుకోవాల్సి వచ్చింది. 1828లో వీడ్కోలు ప్రదర్శన ఇచ్చినప్పుడు నిలబడలేక కుర్చీలో కూచుని ఆడాడు. ఆయన నిజంగా డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఉంటే ముందు చూపించుకునేది మోకాళ్ళు. దిగులు లేదని కాదు. మొదటి భార్య కాన్పులో పోయింది, కొడుకు తన కళ్ళ ముందే పోయాడు. అంత జరిగాక దిగులు లేకపోతేనే వింత. అయితే లోకానికి మిగిలింది దిగులొక్కటే. మోకాళ్ళ సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఈ ఎంపిక ఎవరు చేశారు? చాలామటుకు మనవాళ్ళే, అంటే రాసేవాళ్ళే. గ్రిమాల్డీ పోయాక ఆయన జ్ఞాపకాలని సరిదిద్ది 1838లో అచ్చేయించింది చార్లెస్ డికెన్స్. అంతకు కొంచెం ముందే 'పిక్‌విక్ పేపర్స్'లో, తాగి తాగి చిక్కి శల్యమై చావుమంచం మీదున్న పాంటోమైమ్ నటుడి కథ ఒకటి పెట్టాడు. 1892లో లియాంకవాలో ఒపేరా 'పాల్యాచీ' వచ్చింది. భార్య మోసం తెలిసిన పూటే వేషం కట్టాల్సి వచ్చిన నటుడి కథ అది. అక్కణ్ణించి దారి తిన్నగా రాజ్‌కపూర్ గుడారానికి వస్తుంది. 1970 నాటి 'మేరా నామ్ జోకర్'లో ఆట చూస్తున్న తల్లి అక్కడే ప్రాణం విడిస్తే, కొడుకు మళ్ళీ రింగులోకెళ్ళి నవ్వించాలి. 1989లో కమల్ హాసన్ పొట్టి జోకర్ అప్పు. మనకి 'విచిత్ర సోదరులు'గా తెలిసిన సినిమా. ప్రేమించిన పిల్ల దక్కక కుప్పకూలిపోతాడు. 2019 'జోకర్' ఇంకో మెట్టు ఎక్కి అతన్ని హంతకుణ్ణే చేసింది, ఆస్కారూ తెచ్చుకుంది. హైన్రిష్ బోల్ 1963లో రాసిన నవలలో కూడా క్లౌన్ ప్రేమ పోగొట్టుకుని తాగుతూనే ఉంటాడు. కాకపోతే అతనికి స్టేజీ మీద పడి మోకాలికి దెబ్బ తగులుతుంది. కనీసం బోల్‌కి మోకాలు గుర్తొచ్చింది, దానికి ఆయనకో దండం.

ఇవన్నీ చెత్త అనట్లేదు. 'విచిత్ర సోదరులు' ఎప్పుడు టీవీలో వచ్చినా చివరిదాకా చూస్తాను. నా గొడవ వేరు. ఒక మనిషి పని గురించి మనకున్న కథలన్నీ అతను పని చెయ్యని నిమిషాల గురించే ఉన్నాయేమిటని.

రెండేళ్ళ కిందట ఒక కథల పోటీకి వచ్చిన కట్ట చదివే పని నాకు పడింది. నాలుగు కథల్లో సర్కస్ జోకర్ ఉన్నాడు. నాలుగింట్లోనూ భార్యకో కూతురికో జబ్బు. నాలుగింట్లోనూ చివరి పేరాలో అద్దం, అద్దం ముందు రంగు తుడుచుకోవడం, రంగుతో కలిసి కారే కన్నీళ్ళు. ఒక్క కథలోనూ ఆ జోకర్ ఒక్క ఐటెమ్ కూడా చెయ్యలేదు. "గంతులు వేశాడు, జనం పడీ పడీ నవ్వారు" అని ఒక వాక్యం. వైద్యుడి మీద కథ రాస్తూ "ఏదో ఆపరేషన్ చేశాడు, రోగి లేచి కూర్చున్నాడు" అని రాస్తే ఊరుకుంటామా?

అందుకే ఒలేగ్ పొపోవ్ గురించి మాట్లాడాలి. సోవియట్ పుస్తకాలు తెలుగులో చదువుకుని పెరిగిన పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే రష్యన్ సర్కస్ అనగానే కుర్చీలో ముందుకి జరుగుతారు, చూడండి. ఆ సర్కస్‌కి లోకమంతా తెలిసిన మొహం ఈయనది. గడ్డిరంగు జుట్టు, నలుపు తెలుపు గళ్ళ టోపీ, ముక్కు మీద కాస్తంత ఎరుపు. అంతే. తెల్లగా సున్నం కొట్టినట్టు పులిమిన మొహం లేదు, చెవులదాకా సాగదీసిన నోరు లేదు. సూర్యుడి క్లౌన్ అని పిలిచేవారు. నేను వీడియోల్లోనే చూశాను, మీరూ అక్కడే చూడగలరు.

1930 జులైలో మాస్కో దగ్గర ఒక పల్లెలో పుట్టాడు. యుద్ధం రోజుల్లో 'ప్రావ్దా' పత్రిక ప్రెస్సులో ఫిట్టర్ పని నేర్చుకునే కుర్రాడు. పని అయ్యాక క్లబ్బులో కసరత్తు చేసేవాడు, ఆ కసరత్తు మాస్కోలోని ప్రభుత్వ సర్కస్ స్కూలుకి తీసుకెళ్ళింది. స్కూలు నుంచి బయటికొచ్చింది క్లౌన్‌గా కాదు, వదులు తీగ మీద పనిచేసేవాడిగా. తర్వాత కొన్నాళ్ళు కరందాష్ అనే పెద్ద క్లౌన్ దగ్గర సహాయకుడు. కరందాష్ అంటే రష్యన్‌లో పెన్సిల్. ఆయన మొదట్లో చాప్లిన్ వేషం కట్టి, అది తనది కాదని వదిలేసి, సొంత మనిషిని తయారుచేసుకున్నవాడు. అలాంటివాడి చేతికింద పనిచేసినవాడు ఇంకొకరి మొహం అరువు తెచ్చుకోడు కదా.

ఇక్కడ కాసేపు తీగ దగ్గర ఆగుతాను, ఓపిక పట్టండి. బిగించిన తీగ వేరు, వదులు తీగ వేరు. బిగించిన తీగ కదలదు. దాని మీద నడిచేవాడు కర్రో గొడుగో పట్టుకుని తన బరువుని తీగ పైకి తెచ్చుకుంటూ ఉంటాడు. వదులు తీగ ఊయల లాంటిది. అటూ ఇటూ ఊగుతుంది. దాని మీద నిలబడాలంటే ఒళ్ళు కదిలిస్తే లాభం లేదు. తలా, భుజాలూ కదలకుండా ఉండాలి, నడుము కింద నుంచి కాళ్ళతో తీగనే తన బరువు కిందకి లాక్కోవాలి. చూసేవాళ్ళకి కింద తుఫాను, పైన నిశ్చలం. ఇప్పుడు దీని మీద కామెడీ చెయ్యమంటే? తీగ మీద నిలబడలేని మనిషిగా కనపడాలి. అంటే ముందు నూటికి నూరుపాళ్ళూ నిలబడగలగాలి, తర్వాత ఆ నిలబడటాన్ని ఎవరికీ తెలీకుండా దాచాలి, ఆ పైన పడిపోతున్నట్టు చివరి వరసలో పిల్లాడికి కూడా అర్థమవ్వాలి. నిజంగా పడేవాడు క్షణంలో పడిపోతాడు, ఎవరికీ నవ్వడానికి టైముండదు. పడబోయేవాడు మాత్రం ఆ క్షణాన్ని సాగదీసి, మనం "అయ్యో" అనుకోవడానికి ఒక చోటు, "హమ్మయ్య" అనుకోవడానికి ఇంకో చోటు ఇవ్వాలి. నవ్వు ఆ రెండిటి మధ్య సందులోంచి వస్తుంది. పొపోవ్ తీగ మీద చేసిన పని అది.

మన సర్కసుల్లోనూ ఇది చూసే ఉంటారు. ట్రపీజు ఆట ఆఖర్లో జోకరు ఎక్కుతాడు, పట్టు తప్పుతాడు, పట్టుకునేవాడి చేతికి అతని ప్యాంటు చిక్కుతుంది, ఇతను చారల నిక్కరుతో వలలోకి. గుడారం అంతా గోల. ఆ తప్పిన పట్టు సరిగ్గా తప్పడానికి, సరిగ్గా పట్టుకున్నవాడికి ఎంత సాధన కావాలో అంతా కావాలి, ఇంకొంచెం ఎక్కువే కావాలి. ఇంటికెళ్ళేదారిలో మనం పొగిడేది మాత్రం పట్టు తప్పనివాళ్ళని.

సర్కస్ రింగు సంగతి ఇంకొకటి ఉంది, నా వాదన అంతా దాని మీదే నిలబడింది. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్లో ఫిలిప్ ఆస్ట్లీ గుర్రపు విన్యాసాల కోసం స్థిరపరిచిన కొలత, 42 అడుగుల అడ్డకొలత, ఈనాటికీ అదే. గుండ్రంగా తిరిగే గుర్రం మీద మనిషి నిలబడాలంటే అంత చుట్టు కావాలి. ఆ రింగు చుట్టూ జనమే. నాటకానికి తెర ఉంది, పక్కలున్నాయి, వెనక ఉంది. సినిమాకి క్లోజప్ ఉంది. రింగులో వెనక అనేదే లేదు. క్లౌన్ ఎటు తిరిగినా సగం మందికి వీపే కనపడుతుంది. అందుకని వాడు వీపుతో కూడా నవ్వించాలి. నడకతో, భుజాలతో, చొక్కా వెనక ముడతతో. మొహంతో బతికేవాడు ఆ రింగులో సగం జనాన్ని పోగొట్టుకుంటాడు.

ఇప్పుడు చెప్పండి, "నవ్వు వెనక కన్నీళ్ళు" అనే మాటకి ఈ పనితో ఏమన్నా సంబంధం ఉందా? అది మొహాన్ని మాత్రమే చూడటం వచ్చినవాళ్ళు తయారుచేసిన మాట. తెర మీద మొహాలు చూసి, ఫోన్లో మొహాలు చూసి, కమెడియన్ అంటే ఒక మీమ్ టెంప్లేటు అనుకునే మనకి ఆ మాట తొందరగా ఎక్కుతుంది. వెనక ఏముందో అని తవ్వుతాం. ముందున్నదాన్ని చూసేశామా అని అడగం.

రష్యన్ సర్కస్‌లో ఇలాంటి క్లౌన్ని కొవ్యోర్నీ అంటారు. తివాచీవాడు అని చెప్పుకోవచ్చు. ఒక ఐటెమ్ అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు రింగులో తివాచీలు చుడతారు, తీగలు బిగిస్తారు, పులుల బోను దింపుతారు. ఆ ఖాళీలో ఉండేవాడు ఇతను. బోను బిగించడానికి ఎంతసేపు పడితే అతని ఐటెమ్ అంతసేపు. ఒక బోల్టు మొరాయిస్తే నవ్వు ఇంకొంచెం సాగాలి, పని త్వరగా అయితే మధ్యలో తుంచి బయటికి రావాలి, తుంచినట్టు ఎవరికీ తెలియకూడదు. మొత్తం ప్రదర్శనని కుట్టే దారం అతనే. మన తోలుబొమ్మలాటలో ఘట్టానికీ ఘట్టానికీ మధ్య కేతిగాడూ బంగారక్కా జుట్టుపోలిగాడూ తగులుకునేది ఇలాగే. వాళ్ళ మాటలు మోటుగా ఉంటాయని మన పండితులు మొహం చిట్లించారు. రామాయణం గురించి రాశారు, మోటు గురించి ఒక వాక్యం రాసి వదిలేశారు. తెల్లవార్లూ జనాన్ని నిద్రపోకుండా కూచోబెట్టింది ఎవరు మరి?

సరే, పొపోవ్ ఐటెమ్ ఒకటి చెప్తాను. దాని పేరు 'కిరణం'. రింగంతా చీకటి. ఒక గుండ్రటి వెలుగు మచ్చ నేల మీద పడుతుంది. పొపోవ్ వస్తాడు. ఎండ కనపడ్డ మనిషిలా దాని దగ్గరికెళ్ళి, అందులో కూచుని వెచ్చబడతాడు. తెచ్చుకున్న పాల సీసా తీస్తాడు. వెలుగు మెల్లిగా పక్కకి జరుగుతుంది. లేచి వెనకాలే వెళ్ళి మళ్ళీ అందులో కూచుంటాడు. మళ్ళీ జరుగుతుంది. ఇలా కొంత ఆట. ఆఖరికి ఆ వెలుగుని చేతులతో అంచుల నుంచి దగ్గరికి పోగేస్తాడు, ధాన్యం కుప్ప చేసినట్టు. మచ్చ చిన్నదవుతుంది, ఇంకా చిన్నదవుతుంది. దాన్ని ఎత్తి సంచిలో వేసుకుంటాడు. చీకట్లో వెలుగుతున్న సంచితో వెళ్ళిపోతాడు.

మాట లేదు. పడటం లేదు, తన్నడం లేదు. అరిచి నవ్వించే చోటు ఒక్కటీ లేదు. అయినా జనం నవ్వుతారు, ఆ నవ్వులో కొంచెం చల్లబడటం కూడా ఉంటుంది. నేను దీన్ని పది పన్నెండుసార్లు చూశాను, ప్రతిసారీ చేతుల్నే చూస్తాను. వెలుగుకి బరువు లేదు, ఆకారం లేదు. దానికి అంచు ఉందని నమ్మించేది ఆ చేతులు. వేళ్ళు ఒక బియ్యపుగింజంత ముందు ఆగినా, లోపలికి వెళ్ళినా అది వట్టి లైటయిపోతుంది. అవతల ఎక్కడో పైన లైటు పట్టుకున్న మనిషి ఆ వేళ్ళతో సమానంగా వెలుగు కుదించాలి. ఇద్దరి పని అది.

ఇదే పని దాదాపుగా ఇంకో క్లౌన్ కూడా చేశాడు. అమెరికాలో ఎమెట్ కెల్లీ. ఆర్థిక మాంద్యం నాటి దేశదిమ్మరి వేషం, మాసిన గడ్డం, కిందికి వంగిన పెదాలు. చీపురు పట్టుకుని వెలుగు మచ్చని ఊడ్చేవాడు. ఊడ్చి ఊడ్చి చిన్నది చేసేవాడు. కెల్లీది దిగులు మొహమే, ఒప్పుకుంటాను. కానీ ఆ దిగులు అతను రంగుతో గీసుకున్నది, ఒక పనిముట్టు. ఆ మొహం మారదు. ఒళ్ళు మాత్రం మొండిగా పని చేస్తూనే ఉంటుంది. ఆ రెండిటి మధ్య తేడాయే జోకు.

కెల్లీని లోకం ఎలా గుర్తుపెట్టుకుందో చూడండి. 1944 జులై 6న అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్ళో మధ్యాహ్నం ఆట నడుస్తుండగా సర్కస్ గుడారం అంటుకుంది. నీళ్ళు దిగకుండా గుడారానికి పారఫిన్ మైనాన్ని గాసొలీన్‌లో కరిగించి పూశారు. నిమిషాల్లో కాలి మీద పడింది. 160 మందికి పైగా చనిపోయారు, చాలామంది పిల్లలు. ఆరోజు తీసిన ఒక ఫోటో ఉంది. క్లౌన్ వేషంలో, ఆ పెద్ద పెద్ద బూట్లతో, కెల్లీ నడుస్తున్నాడు. ఆ రోజుకి జనం పెట్టుకున్న పేరు, క్లౌన్లు ఏడ్చిన రోజు. ఫోటో వెతికి తీసి చూడండి. కెల్లీ చేతిలో బకెట్ ఉంది. నీళ్ళ బకెట్. మంట ఆర్పడానికి మోస్తున్నాడు. కళ్ళెదుట బకెట్ పట్టుకున్న మనిషిని చూస్తూ కన్నీళ్ళు చూశామని చెప్పుకున్నారు. ఇంతకంటే నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

పొపోవ్‌ని అందరూ దయగల క్లౌన్ అంటారు. ఆ మాట కూడా మనం తేలిగ్గా వాడేస్తాం, ఏదో మంచి తాతగారు అన్నట్టు. దయ కూడా ఆయన ఐటెమ్ కట్టుకున్న పద్ధతిలోనే ఉంది. నవ్వు పుట్టాలంటే ఎవరో ఒకరు ఓడాలి, ఏదో ఒకటి అడ్డం పడాలి. యూరప్ సర్కస్ సంప్రదాయంలో తెల్లమొహం క్లౌన్ తెలివైనవాడు, ఎర్రముక్కు క్లౌన్ మొద్దు, మొద్దుకి చెంపదెబ్బలు. మన సినిమా కామెడీ ఎన్నో ఏళ్ళు దీని మీదే బతికింది. బట్టతల మీద కొట్టు, లావుపాటి మనిషిని కూచోబెట్టి కుర్చీ విరగ్గొట్టు, నల్లటి అమ్మాయిని హీరో ముందుకి తోసి జనాన్ని నవ్వమను. పొపోవ్ ఈ చెంపదెబ్బ తీసేశాడు. ఆయనకి అడ్డం పడేది తీగ, లైటు, టోపీ. మనుషులు కారు. ఎదురుగా ఉన్న ప్రేక్షకుణ్ణి పిలిచి గేలి చేసి నవ్వించడం తేలిక, స్టాండప్‌కి వెళ్ళే మీకు తెలియనిది కాదు. వెలుగు మచ్చతో పోట్లాడి నవ్వించడం చాలా కష్టం. ఎవరినీ చిన్నబుచ్చకూడదని పెట్టుకుంటే మిగిలే సామాను చాలా తక్కువ. ఆ తక్కువ సామానుతో అరవై ఏళ్ళు ఆడాడు.

నాతో వాదించే స్నేహితుడొకడు ఇక్కడ నన్ను పట్టుకుంటాడు. పొపోవ్ జీవితం చూడు, నీకు కావలసినంత దుఃఖం దొరుకుతుంది అంటాడు. దొరుకుతుంది. తండ్రి గడియారాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, యుద్ధం రోజుల్లో అరెస్టయి జైల్లోనే పోయాడు. భార్య అలెగ్జాండ్రా, తనతో పాటు సర్కస్‌లో పనిచేసిన వయొలిన్ కళాకారిణి, 1990లో క్యాన్సర్‌తో పోయింది. ఆ మరుసటేడు దేశమే లేకుండా పోయింది, రూబుల్ విలువ పడిపోయి దాచుకున్న డబ్బు కరిగింది, విదేశీ టూర్లో ఉన్న మనిషి అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. ఏం తక్కువ? కావాలంటే రేపే ఒక నవల.

స్నేహితుడి రెండో దెబ్బ ఇంకా గట్టిది. ఆయన సోవియట్ రాజ్యపు నవ్వుమొహం కదా అంటాడు. 1956లో సోవియట్ సర్కస్ పశ్చిమ యూరప్‌కి వెళ్ళినప్పుడు పొపోవ్ వెళ్ళాడు, 1969లో పీపుల్స్ ఆర్టిస్ట్ బిరుదు ఇచ్చారు. తండ్రిని మింగిన రాజ్యం కొడుకు నవ్వుని విదేశాలకి ఎగుమతి చేసింది. నిజమే. రాజ్యం అతని నవ్వుని వాడుకుంది. అంతమాత్రాన ఆ నవ్వు రాజ్యం తయారుచేసిందైపోదు. సర్కస్ స్కూలు పెట్టి, జీతాలిచ్చి, ఏళ్ళ తరబడి తీగ మీద సాధన చేసే తీరిక కల్పించింది కూడా ఆ రాజ్యమే, ఆ సంగతి కూడా చెప్పుకోవాలి. ఇక తండ్రిని పోగొట్టుకున్న కుర్రాడే పెద్దయ్యాక జారిపోతున్న వెలుగు వెంటపడ్డాడు, కాబట్టి 'కిరణం' అర్థం అదీ అని చదవాలనిపిస్తుంది. చాలా అందంగా కూడా ఉంటుంది. అలా చదవొద్దంటాను. అలా చదివిన మరుక్షణం ఆ చేతులు కనపడటం మానేస్తాయి.

మూడో అభ్యంతరం మన దేశానికి సంబంధించింది, దీనికి నేను గొంతు తగ్గించే జవాబు చెప్తాను. మన సర్కసుల్లో జోకర్లుగా ఎక్కువగా పొట్టిగా ఉన్నవాళ్ళనే తీసుకున్నారు. వాళ్ళ ఎత్తే జోకు. బయట వేరే పని ఇచ్చేవాళ్ళు లేక గుడారంలోకి వచ్చినవాళ్ళు చాలామంది. 1998లో పులులూ సింహాలూ ఎలుగుబంట్లూ కోతులూ ఆడకూడదన్నారు, 2011లో సుప్రీంకోర్టు పిల్లలని సర్కసుల్లో పెట్టకూడదంది. రెండూ న్యాయమైనవే. వాటి తర్వాత బళ్ళు, గుడారాలు తగ్గుతూ వచ్చాయి, ఉన్నవాటిలో జోకర్ మీద బరువు పెరిగింది. ఇలాంటివాళ్ళ బతుకుల్లో కన్నీళ్ళు లేవా అంటే ఉన్నాయి. అయితే ఆ కన్నీళ్ళకి కారణాలున్నాయి, లెక్కలున్నాయి. జీతం ఎంత? వలలో పడి వెన్ను దెబ్బతింటే ఆసుపత్రి బిల్లు ఎవరు కడతారు? ఆడలేని వయసు వచ్చాక ఎక్కడ ఉంటారు, ఏం తింటారు? ఇవి అడిగితే యజమాని కనపడతాడు, ప్రభుత్వం కనపడుతుంది, టికెట్టు కొన్న మనం కనపడతాం. అద్దం ముందు రంగు తుడుచుకునే జోకర్ని రాస్తే ఎవరూ కనపడరు. అంతా విధి. పాఠకుడికి ఒక నిట్టూర్పు, రచయితకి ఒక బహుమతి. చేనేత కార్మికుడి మీద కథ రాసేటప్పుడు నూలు ధర రాస్తాం, మగ్గం రాస్తాం, అప్పు రాస్తాం. జోకర్ దగ్గరికొచ్చేసరికి ఆత్మ రాస్తాం. ఎందుకంటే అది పని అని మనకి తోచలేదు. నవ్వించడం ఒక స్వభావం, ఒక వరం, ఒక శాపం అనుకున్నామే తప్ప, పొద్దున్నే లేచి వార్మప్ చేసి, నడుం పట్టేసినా చెయ్యాల్సిన పని అనుకోలేదు.

మన హాస్యనటులు పోయినప్పుడు వచ్చే నివాళులు కూడా ఇంతే. అందరినీ నవ్వించి చివరికి ఏడిపించి వెళ్ళాడని ఒకటే హెడ్డింగు, ఎన్ని దశాబ్దాలైనా. ఆయన డైలాగు ఎక్కడ ఆపేవాడు, ఎదుటివాడి మాట పూర్తయ్యాక ఎంతసేపు ఊరుకుని జవాబు చెప్పేవాడు, ఆ విరామం ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఇవి రాసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. గాయకుడు పోతే రాగం గురించి, శ్వాస గురించి రాస్తాం కదా.

పొపోవ్ 1990ల నుంచి జర్మనీలో ఎగ్లోఫ్‌స్టైన్ అనే చిన్న ఊళ్ళో ఉన్నాడు. తనకంటే చాలా చిన్నదైన గాబ్రియేలాని పెళ్ళి చేసుకున్నాడు, హ్యాపీ హాన్స్ అనే పేరుతో ఆడాడు. అరవై దాటిన మనిషి కొత్త దేశంలో కొత్త పేరుతో మొదటినుంచి జనాన్ని సంపాదించుకోవడం మామూలు సంగతి కాదు. దీన్ని ప్రవాసం, వేదన అని ఎవరన్నా రాస్తారేమో. ఆయన మాత్రం గుడారం వెంట ఊళ్ళు తిరిగాడు. పాతికేళ్ళ దాకా రష్యా వెళ్ళలేదు. 2015లో సోచీలో మొదటిసారి మళ్ళీ కనపడ్డాడు. మరుసటేడు ఆటలు మొదలుపెట్టాడు, 86 ఏళ్ళ వయసులో. 2016 నవంబర్ 2న రొస్తోవ్‌లో, టూరు మధ్యలో, పోయాడు. ఆయన కోరుకున్నట్టే జర్మనీలో క్లౌన్ దుస్తులతో పాతిపెట్టారు.

అంటే ఆ వారం కూడా టికెట్లు అమ్ముడై ఉన్నాయి. ఎవరో ఆయన గళ్ళ టోపీ ఇస్త్రీ చేసి పెట్టి ఉంటారు. లైటు పట్టుకునే మనిషి 'కిరణం' కోసం ఆ ఊరి సర్కస్ భవనంలో రిహార్సల్ చేసుకుని ఉంటాడు, ఎంత వేగంగా కుదించాలి, వేళ్ళు ఎక్కడ ఆగుతాయి అని. నేను చూసిన ఏ క్లిప్పు కిందా అతని పేరు లేదు.